సమస్యాపూరణం: "పాడనట్టివాడె పాడినాడు"

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య:

పాడనట్టివాడె పాడినాడు

ఆటవెలది పద్యానికి చివరి పాదం, పైన మూడు పాదాలూ మీరు కట్టాలి. ఐదూ సూర్యగణాలే (హగణం అంటే గురువు, లఘువు, లేదా నగణం అంటే మూడు లఘువులు), ఐదూ హగణాలే, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) పా-పా. పాడనివాడు పాడటమేంటి అనేది మీరు కుదర్చాలి, ఆ పాదంలో అక్షరం కూడా ముట్టుకోకూడదు.

అంశం కూడా ఇస్తున్నా. మన పాత సినిమాల నవ్వుల పాటలు, వాటి వెనక జంటలు. తెర మీద రేలంగి, రమణారెడ్డి. తెర వెనక మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు. మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర 'వివాహభోజనంబు' వేశారు, పక్కన కూర్చున్న కుర్రాడు "ఎస్వీ రంగారావు ఎంత బాగా పాడాడబ్బా" అన్నాడు. మాయాబజార్ వచ్చింది 1957లో. ఇన్నేళ్లయినా ఆ పాట పెళ్లిభోజనాల్లో మోగుతోంది, హోటళ్ల బోర్డుల మీదికి ఎక్కింది, 1988లో జంధ్యాల సినిమాకి పేరయింది, కానీ పాడిన సత్యంగారి పేరు మాత్రం జనం నోట రావడం లేదు. నాకు అది బాధగా ఉంది. అందుకే ఈ సమస్య.

కోవూరు తమ్ముడు:

అన్నా, నాది మొదటిది. మన నెల్లూరు జిల్లా మనిషి రమణారెడ్డి మీదే రాశా.

రమణ రెడ్డి యాడె రంజిల్ల జనులెల్ల
యా పిఠాపురమ్ము హాయి గొంతు
తోడు నిలువ తెరను తుళ్లి గంతులు వేసి
పాడనట్టివాడె పాడినాడు

ఒంగోలు మాస్టారు:

గణాలు సరిపోయాయి నాయనా, యతులూ పడ్డాయి. రెండో పాదంలో యా-హా యతి చక్కగా ఉంది. పిఠాపురం అనే పేరు పద్యంలో పట్టడం కష్టం, లఘువు తర్వాత గురువు వస్తుంది కాబట్టి ఏ సూర్యగణమూ దాంతో మొదలవదు. నువ్వు ముందు 'యా' వేసి పేరుని మూడు గణాలకి పంచావు, అది తెలిసిన పని. కానీ రమణారెడ్డిని రమణ రెడ్డి చేశావే, అది నాకు నచ్చలేదు. మనిషి పేరు గణం కోసం కోయకూడదు. రెండు లఘువులు, రెండు గురువులు, చివర లఘువు, అదీ ఆ పేరు. బేసి పాదం చివర సూర్యగణాలకన్నా పెద్దవి, ఇంద్రగణాలు రెండు ఉంటాయి కదా, ముందొక గురువు పెట్టి చూడు: 'మా రమ' భగణం (గురువు, రెండు లఘువులు), 'ణారెడ్డి' తగణం (రెండు గురువులు, లఘువు). పేరు మొత్తం దిగుతుంది.

కోవూరు తమ్ముడు:

మాస్టారూ, మొదటి పాదం ఇలా మార్చా, మిగతాది అలాగే:

మనకు నవ్వు పంచె మా రమణారెడ్డి

ఒంగోలు మాస్టారు:

అదీ. 'మా' అనేసరికి ఊరివాడు మాట్లాడినట్టు కూడా అయింది.

నిర్వాహకుడు:

తెలియనివాళ్ల కోసం, రమణారెడ్డి 1921లో జగదేవిపేటలో పుట్టారు. సినిమాల్లోకి పోకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఇంద్రజాలం కూడా వచ్చు, స్టేజీ ఎక్కి ప్రదర్శనలు ఇచ్చేవారు. 1974లో పోయారు. సన్నగా పొడుగ్గా ఆయన, బొద్దుగా రేలంగి, ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు, డైలాగు రాకముందే హాల్లో నవ్వు మొదలయ్యేది.

కనిగిరి బాబాయ్:

నేను పేకాట మీద పట్టుకున్నా.

పేకముక్కలాట పిచ్చిలో నొక్కడు
జేబు చిల్లు పడగ చేతులెత్తి
కూనిరాగమెత్తి కొసరాజు పాటను
పాడనట్టివాడె పాడినాడు

నిర్వాహకుడు:

బాబాయ్, మూడో పాదం నాకు భలే నచ్చింది. కులగోత్రాలు (1962)లో 'అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే' కొసరాజుగారు రాసింది, మాధవపెద్ది, పిఠాపురం కలిసి పాడింది. ఇప్పుడు ఫోన్లో ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టుకున్నవాడు కూడా స్టేటస్‌లో ఆ పాటే పెడుతున్నాడు. మ్యాచ్ ఓడినా అదే, షేర్లు పడినా అదే. పాట పుట్టినప్పటికి ఇవేవీ లేవు, అయినా ప్రతి కొత్త నష్టానికీ సరిపోతోంది. కొసరాజు మాట ఒక కారణం. ఇద్దరూ ఏడుపుని ఏడుపులా పాడకుండా తాళానికి ఎక్కించారే, నా లెక్కలో అది ఇంకా పెద్ద కారణం. ఒక్కడే పాడితే అది వాడి గోడు అయ్యేది. ఒకరు అనడం ఇంకొకరు అందుకోవడం వల్ల పేక దగ్గర కూర్చున్న గుంపంతా పాడినట్టుంటుంది.

పూరణ సంగతికొస్తే ఒక చిక్కు. 'ఒక్కడు' అని వదిలేశారు, వాడు ఎప్పుడూ పాడడని ఎక్కడా తెలియడం లేదు. మనకి తెలిసిన మనిషైతే 'వీడు పాడడు' అన్నది వేరే చెప్పక్కర్లేదు.

కనిగిరి బాబాయ్:

అయితే ఇదిగో, 'పేకముక్కలాట పిచ్చిలో మా బావ'. గణాలు సరిపోతాయి.

ఒంగోలు మాస్టారు:

చివర రగణం (గురువు, లఘువు, గురువు), తగణం. ఖాయం చేసుకో.

ఆత్మకూరు:

రేలంగిని ఎవరూ పట్టుకోలేదు. ఆయన సొంతంగా పాడేవాడు కదా.

ఘంటసాలవారి గానమ్మనుకొనిరి
కాదు కాదు తాను గళము విప్పి
విందు చేసె జనుల వీనుల రేలంగి
పాడనట్టివాడె పాడినాడు

కావలి అక్క:

పద్యం నడక బాగుంది, విషయం నిలబడదు. మిస్సమ్మ (1955)లో 'ధర్మం చెయ్ బాబు' వినండి, అది రేలంగి గొంతని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. పాతాళభైరవి (1951)లోనూ ఆయన పాడుకున్నారు. దాన్ని ఘంటసాల అని ఎవరనుకుంటారు? జనం పొరబడితేనే మీ సమస్య తీరుతుంది, ఆ పొరబాటు జరిగేది కాదు. మూడో పాదం మాత్రం దాచుకోండి, ఇంకో పద్యానికి పనికొస్తుంది.

ఆత్మకూరు:

అక్కా, ఒప్పుకుంటా. ఇంకోటి ఆలోచిస్తా.

కావలి అక్క:

నా పూరణ. మాధవపెద్ది, పిఠాపురం తర్వాత నవ్వుల పాటలు పాడే పని ఎవరి చేతికొచ్చింది అని ఆలోచిస్తే మన ఎస్పీ బాలు దొరికాడు.

అల్లువారి గొంతు నచ్చుగా పలికించి
బాలు మాయ చేసె పాటలోన
చెవులు మోసపోయి జేజేలు పలికిరి
పాడనట్టివాడె పాడినాడు

మనుషులంతా ఒక్కటే (1976)లో 'ముత్యాలు వస్తావా' గుర్తుందా? పాడింది బాలు, వినబడేది అల్లు రామలింగయ్య.

ఒంగోలు మాస్టారు:

అమ్మా, ఇది సమస్యకి సరిగ్గా తగిలింది. తెర మీదవాడు నిజంగా పాడలేదు, అయినా వాడే పాడాడని జనం ప్రమాణం చేస్తారు. వైరుధ్యం మొత్తం విడిపోయింది. మూడో పాదంలో ఒక నలుసు ఉంది. మోసపోయింది చెవులు, పలికింది ఎవరు? కర్త మారిపోయింది. 'జనులు మోసపోయి జైకొట్టి చెప్పిరి' అంటే కర్త ఒక్కరే అవుతారు, సమస్య పాదం ఆ జనం నోటి మాటగా కూర్చుంటుంది. యతి జ-జై.

కావలి అక్క:

తీసుకున్నా మాస్టారూ.

నిర్వాహకుడు:

అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతా. బాలు మన నెల్లూరువాడే, పుట్టింది 1946లో. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. కథ మధ్యలో గొంతు మార్చడం, నవ్వించడం, మళ్లీ రాగం అందుకోవడం హరికథలో రోజూ ఉండేవే, ఆ ఇంట్లో పెరిగినవాడికి హాస్యగీతం తక్కువరకం పాటగా కనిపించదు. మాధవపెద్ది, పిఠాపురం వేసిన దారి బాలు దగ్గర ఆగిపోలేదని నేను గట్టిగా నమ్ముతా.

దర్శి అమ్మాయి:

నేను కొత్త. డిగ్రీ చదువుతున్నా, ఆటవెలది ఈమధ్యే నేర్చుకున్నా. తప్పులుంటే చెప్పండి.

మరచిపోయిరయ్య మాధవపెద్దిని
తెరకు వెనుక నిలిచి గొంతు నిచ్చె
బొమ్మ చూచి జనులు పొగడిరి నటునినే
పాడనట్టివాడె పాడినాడు

ఒంగోలు మాస్టారు:

ఏం కొత్త తల్లీ, మొదటి పాదం చూసి లేచి కూర్చున్నా! మాధవపెద్ది కూడా రమణారెడ్డిలాగే బేసి పాదం చివరే హాయిగా ఇముడుతుంది, నువ్వు చెప్పకుండానే పట్టావు. రెండో పాదంలో యతి తప్పింది. 'తె'కి నాలుగో గణం మొదట త, థ, ద, ధల్లో ఒకటి రావాలి, ఇ లేదా ఎ గుణింతంతో. 'గొం' కుదరదు.

కోవూరు తమ్ముడు:

'తేనె పంచె' అంటే?

ఒంగోలు మాస్టారు:

యతి కుదురుతుంది, సత్యంగారు కుదరరు. ఆయనది తేనె గొంతు కాదురా, ఘటోత్కచుడికి సరిపోయిన గొంతు. ఉరమాలి. పైగా మొదటి పాదం 'మాధవపెద్దిని' అని ద్వితీయలో ఉంది, రెండోది కూడా ద్వితీయలోనే ఉంటే వాక్యం తెగదు. 'తెరకు వెనుక మేఘధీరగళుని'. అమ్మాయ్, గణాలు విడదీసి చూసుకో, నేను చెప్పానని పెట్టుకోవద్దు.

దర్శి అమ్మాయి:

తెరకు, వెనుక, మేఘ, ధీర, గళుని. న, న, హ, హ, న. యతి తె-ధీ. సరిపోయింది మాస్టారూ! మొత్తం ఇలా:

మరచిపోయిరయ్య మాధవపెద్దిని
తెరకు వెనుక మేఘధీరగళుని
బొమ్మ చూచి జనులు పొగడిరి నటునినే
పాడనట్టివాడె పాడినాడు

నిర్వాహకుడు:

ఈ వారానికి నా ఓటు ఈ పద్యానికే. నైపుణ్యంలో కావలి అక్కది ముందుంటుంది, ఆ మాట మాస్టారూ అంటారు. కానీ నేను ఏ బాధతో సమస్య ఇచ్చానో అది ఇందులో పూర్తిగా దిగింది. ఆత్మకూరు అన్న రెండో ప్రయత్నం కోసం ఆదివారం దాకా తెరిచి ఉంచుతా. పాటల పేర్లు పంపేవాళ్లు గాయకుల పేర్లు కూడా తప్పకుండా రాయండి. వచ్చేవారం కందం ఇస్తా, ప్రాస చూసుకుని రండి.