హిమాలయన్ 411: ఇద్దరం, బాక్సులతో పాడేరు ఘాట్. స్ప్రింగ్ మారిస్తే చాలా, షాక్ మొత్తం మార్చాలా?

దముకు_మలుపు:
బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బీఎస్6, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. జాకెట్, బూట్లతో నేను 88 కేజీలు, వెనక కూర్చునే మనిషి 60, సైడ్ బాక్సులు రెండూ సామానుతో కలిపి 26. నెలకి రెండుసార్లు అరకు గానీ పాడేరు, వంజంగి గానీ. మిగతా రోజులు వైజాగ్‌లో గాజువాక, షీలానగర్ రోడ్డు మీద ఒక్కడినే.

లోడుతో గుంతలో పడితే వెనక షాక్ అడుక్కి ఠప్‌మని తగులుతోంది. అనంతగిరి మలుపుల్లో వెనక భాగం ఊగుతోంది. పాడేరు ఘాట్ దిగుతూ బ్రేకు పడితే ముక్కు నేలకి వంగిపోతోంది. ప్రీలోడ్ రింగ్ (షాక్ స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచేది) చివరికంటా బిగించేశాను. బండిని తప్పుపట్టడం లేదు, ఆ బరువు మాదే.

బడ్జెట్ 50 వేలు. ఒకరు బయట ఆయిల్ డబ్బా ఉన్న షాక్ కొనమంటున్నారు, ఇంకొకరు స్ప్రింగులు చాలంటున్నారు, మూడోవారు ముందు ఫోర్కుల్లో ఎమ్యులేటర్లు (ఆయిల్ ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న వాల్వులు) వేయించమంటున్నారు. ఏది ముందు చెయ్యాలి గురూ?

సి_స్పానర్:
కంపెనీ పేర్లు తర్వాత. ముందు టేపు తీసి శాగ్, అంటే బరువుకి సస్పెన్షన్ ఎంత దిగుతోందో, కొలవండి. ఆ అంకెలు లేకుండా షాక్ కొనడమంటే కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

వెనక ఇలా: సెంటర్ స్టాండ్ వేసి చక్రం గాల్లో వేలాడనివ్వండి. యాక్సిల్ మధ్య నుంచి దానికి నిట్టనిలువుగా పైన ఫ్రేమ్ మీద ఒక చోట టేపు ముక్క అతికించి దూరం రాసుకోండి. తర్వాత బండి నేల మీద, ఎవరూ కూర్చోకుండా. ఆ తర్వాత ఇద్దరూ పూర్తి రైడింగ్ గేర్‌తో, బాక్సులు నింపి. ప్రతి కొలతకి ముందు సీటుని రెండు మూడుసార్లు నొక్కి వదలండి, లేకపోతే బుష్‌ల రాపిడి వల్ల నాలుగైదు మిల్లీమీటర్లు తేడా చూపిస్తుంది. ముందు కూడా ఇదే పద్ధతి. ఫోర్కు మీదున్న రబ్బరు బూట్ల వల్ల జిప్ టై వేసి చూడటం కుదరదు కాబట్టి యాక్సిల్ నుంచి హ్యాండిల్ క్లాంప్ దాకా కొలవండి.

ఈ బండికి ముందు 200 మి.మీ., వెనక 180 మి.మీ. ప్రయాణం ఉంటుంది. అందులో మూడోవంతు దాకా బరువుకి దిగాలి. పూర్తి లోడుకి ఇంకాస్త ఎక్కువైనా ఫరవాలేదు గానీ 40 శాతం దాటకూడదు.

ఇంకొక మాట. ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు. బండి ఎత్తు పెరుగుతుంది, అంతే. ఇది చాలామంది మెకానిక్‌లు కూడా ఒప్పుకోరు.

ఉప్పుగాలి:
కొలిచే ముందు అరిగినవి ఉన్నాయేమో చూడండి. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి కిందికి ఎత్తండి. షాక్ కదలకముందే కొంచెం టకటకలాడితే లింకేజీ (వెనక చక్రాన్ని షాక్‌కి కలిపే లివర్లు) బేరింగులో, షాక్ కంటి బుష్షో పోయినట్టు. పక్కలకి ఊగితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) బుష్. 31 వేలు తిరిగి లింకేజీలో ఒక్కసారీ గ్రీజు పడకపోతే మలుపుల్లో ఊగడానికి సగం కారణం అక్కడే ఉండొచ్చు. కొత్త షాక్‌ని అరిగిన లింకేజీకి బిగిస్తే ఊగుడు అలాగే ఉంటుంది. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ బేరింగులు, అయిపోయింది.

మన ఊళ్లో ఇంకో బెడద సముద్రం. బీచ్ రోడ్డు, భీమిలి గాలికి ఫోర్కు పైపుల క్రోమ్ మీద సూదిమొనంత తుప్పు చుక్కలు లేస్తాయి. రబ్బరు బూట్లు దుమ్ము ఆపుతాయి నిజమే, కానీ తేమనీ ఉప్పునీ లోపలే పట్టి ఉంచుతాయి. బూటు పైకి జరిపి గోటితో పైపు మీద గీరి చూడండి. గోరు తట్టుకుంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఆ చుక్క కోసేస్తుంది. చిన్న చుక్కలైతే 2000 నంబరు ఎమరీ కాగితం ఆయిల్‌లో తడిపి, పైపు చుట్టూ అడ్డంగా రుద్దాలి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంట ఆయిల్ కారుతుంది.

దముకు_మలుపు:
లింకేజీలో సన్నని ఆట (వదులు) ఉంది, బేరింగులు ఆర్డర్ పెట్టాను. కోన్‌సెట్ బాగానే ఉంది. పైపుల మీద చుక్కలు లేవు.

వెనక కొలతలు, ప్రీలోడ్ పూర్తిగా బిగించి: వేలాడుతున్నప్పుడు 604, ఖాళీ బండి 598, పూర్తి లోడు 526.
ముందు పూర్తి లోడుతో శాగ్ 74.

సి_స్పానర్:
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ఖాళీ బండి శాగ్ 6, లోడుతో 78. అంటే 180లో 43 శాతం. ప్రీలోడ్ చివరికి వచ్చేసి, ఖాళీ బండి 6 మిల్లీమీటర్లే దిగుతూ, లోడు ఎక్కగానే సగానికి దగ్గరగా కూలబడుతోందంటే స్ప్రింగ్ మీ బరువుకి మెత్తన. ఇంకే సర్దుబాటుతోనూ ఇది సరిపోదు. దీనికి తిరగేసి కూడా గుర్తుంచుకోండి: లోడు శాగ్ సరిగ్గా ఉండి ఖాళీ శాగ్ 30 దాటితే స్ప్రింగ్ మరీ గట్టిది.

ఎంత గట్టిది కావాలి? ఇప్పుడు మీ బరువుకి 78 నుంచి 6 తీసేస్తే 72 మి.మీ. దిగుతోంది. మనకి కావలసింది ఖాళీగా 12, లోడుతో 66, అంటే తేడా 54. 72ని 54తో భాగిస్తే 1.33. ఇప్పుడున్న దానికంటే మూడోవంతు గట్టి స్ప్రింగ్. లింకేజీ ఉన్న బండి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. షాక్ అమ్మేవాళ్లకి మీ బరువులన్నీ విడివిడిగా చెప్పి, వాళ్లు ఇచ్చే స్ప్రింగ్ నంబరుని ఈ లెక్కతో సరిచూసుకోండి. వేరే బండి షాక్ స్ప్రింగ్ నంబరుతో పోల్చకండి, లింకేజీ కొలతలు మారితే ఆ నంబరుకి అర్థం లేదు.

మీ అసలు ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. పది శాతం గట్టిదైతే స్ప్రింగ్ ఒక్కటీ మార్చి ఊరుకోవచ్చు. మూడోవంతు గట్టి స్ప్రింగ్ వెనక్కి తన్నే జోరుని ఫ్యాక్టరీ షాక్‌లోని రీబౌండ్ డ్యాంపింగ్ (స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని తగ్గించేది) ఆపలేదు, దానికి సర్దుబాటు స్క్రూ కూడా లేదు. గుంత దాటాక సీటు మీ ఇద్దర్నీ ఎగరేస్తుంది. కాబట్టి షాక్ మొత్తం మార్చాల్సిందే, రీబౌండ్ సర్దుబాటు ఉన్నది.

వైఎస్‌ఎస్, హైపర్‌ప్రో, ఓలిన్స్ ఏదైనా సరే, మీ బరువుకి తగ్గ స్ప్రింగ్‌తో రాకపోతే పెట్టెలో వచ్చిన అందమైన వస్తువు మాత్రమే. బయటి డబ్బా గురించి: రాళ్ల దారిలో గంటలకొద్దీ నడిపితే ఆయిల్ వేడెక్కి పలచబడకుండా అది సాయం చేస్తుంది. ఘాట్ తారురోడ్డుకి అంత అవసరం లేదు. మీరు వారమంతా ఒక్కరే, సెలవురోజు ఇద్దరూ. అదే డబ్బు చేత్తో తిప్పే హైడ్రాలిక్ ప్రీలోడ్ నాబ్ మీద పెట్టండి. సి స్పానర్ (ప్రీలోడ్ రింగ్ తిప్పే పానా) పట్టుకుని కూర్చునే పని ఉంటే ఎవరూ రోజూ మార్చరు, చివరికి ఒక్కరున్నా లోడు సెట్టింగ్‌లోనే తిరుగుతారు.

కొనే ముందు సర్వీసు ఎక్కడ చేస్తారో అడగండి. లోపల నైట్రోజన్ ఉంటుంది. టైర్ల షాపులో పట్టే నైట్రోజన్ ప్రెషర్ దీనికి చాలదు, ఆ పిన్ను కూడా వేరు. సీల్ కారితే కొరియర్‌లో పంపి రెండు వారాలు ఆగాల్సి రావొచ్చు. అందుకే పాత షాక్ పారేయకండి.

పదో_డబ్ల్యూ:
ఫోర్కుల సంగతి నేను చెబుతాను. 200లో 74 అంటే 37 శాతం. కొంచెం ఎక్కువే గానీ కొంప మునిగేదేం కాదు. వెనక భాగం లేస్తే బరువు కాస్త ముందుకొస్తుంది కాబట్టి ముందు స్ప్రింగులూ ఓ మెట్టు గట్టివి వేయండి. ఎమ్యులేటర్లు ఇప్పుడు వద్దు. అవి పని చెయ్యాలంటే ఫోర్కు లోపలి డ్యాంపర్ రాడ్‌కి కింది కన్నాలు వెడల్పు చేసి కొత్తవి వెయ్యాలి, వెనక్కి రావాలంటే కొత్త రాడ్ కొనాల్సిందే. ఆటోనగర్‌లో డ్రిల్లింగ్ చేసేవాళ్లు దొరుకుతారు. అంచుల్లో మిగిలిన ఇనప రజను శుభ్రంగా తియ్యకపోతే ఆయిల్‌లో కలిసి బుష్‌లు తినేస్తుంది.

ఆయిల్‌లో జాగ్రత్త. 10డబ్ల్యూ అని రాసిన రెండు కంపెనీల ఆయిళ్ల చిక్కదనం ఒకటి కాదు. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ ఎంతో డబ్బా మీద గానీ కంపెనీ డేటా కాగితంలో గానీ చూసి పోల్చండి.

నింపేటప్పుడు మి.లీ. కొలత నమ్మకండి, పాత ఆయిల్ ఎంతోకొంత లోపల మిగిలే ఉంటుంది. స్ప్రింగ్ బయటికి తీసి, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, పదిహేనుసార్లు పంపు కొట్టి గాలి బుడగలు పోయాక పది నిమిషాలు నిలబెట్టండి. పైపు పై అంచు నుంచి ఆయిల్ దాకా ఖాళీ ఎంతుందో అప్పుడు కొలవాలి. సిరంజికి సన్నని గొట్టం తగిలించి, సర్వీస్ పుస్తకంలో రాసిన లోతు దగ్గర గుర్తు పెట్టి దించితే ఎక్కువైన ఆయిల్ అదే పీల్చేస్తుంది. బ్రేకుకి ముక్కు మరీ దిగుతుంటే ఆ ఖాళీని 10 మి.మీ. తగ్గించి చూడండి. లోపలి గాలి చివర్లో స్ప్రింగ్‌లా పని చేస్తుంది. మరీ తగ్గిస్తే ఆ ఒత్తిడికి సీళ్లు తన్నేస్తాయి. రెండు వైపులా ఖాళీ ఒక్కటే ఉండాలి.

బిగించేటప్పుడు అందరూ మర్చిపోయేది: యాక్సిల్ బిగించాక పక్కనున్న పించ్ బోల్టు (యాక్సిల్‌ని ఫోర్కు కాలికి బిగించేది) వదులుగా ఉంచి, బండి నేల మీద పెట్టి ముందు బ్రేకు పట్టుకుని నాలుగైదుసార్లు ఫోర్కు గట్టిగా నొక్కండి. అప్పుడు ఫోర్కు రెండు కాళ్లూ తమంతట తాము సర్దుకుంటాయి. ఆ తర్వాతే పించ్ బోల్టు. లేకపోతే కొత్త స్ప్రింగులు, కొత్త ఆయిల్ వేసినా ఫోర్కు బిరుసుగా కదులుతుంది, తప్పు ఆయిల్ మీద వేస్తారు.

దముకు_మలుపు:
అయితే లింకేజీ బేరింగులు, రీబౌండ్ ఉన్న షాక్ ప్రీలోడ్ నాబ్‌తో, ముందు స్ప్రింగులూ ఆయిలూ. ఎమ్యులేటర్లు లేవు. షాక్ 10 మి.మీ. పొడుగుది కూడా దొరుకుతోంది, గ్రౌండ్ క్లియరెన్స్‌కి అది తీసుకోవచ్చా?

సి_స్పానర్:
వద్దు. లింకేజీ వల్ల షాక్‌లో 10 అంటే వెనక చక్రం దగ్గర 20 పైనే లేస్తుంది. ఫోర్కు కోణం నిటారై స్టీరింగ్ చురుగ్గా మారుతుంది, సైడ్ స్టాండ్ పొట్టిదైపోతుంది. నిండు బాక్సులతో ఎడమ వైపుకి మరీ వాలి ఎర్రమట్టిలో స్టాండు దిగబడిందంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఫ్యాక్టరీ పొడవే తీసుకోండి.

బిగించాక రీబౌండ్ స్క్రూని మెల్లగా పూర్తిగా మూసి, కంపెనీ చెప్పినన్ని క్లిక్కులు తెరిచి మొదలెట్టండి. ఒకే రోడ్డు మీద, ఒకే లోడుతో, రెండేసి క్లిక్కులు మార్చండి. గుంత తర్వాత ఎగిరి మళ్లీ ఊగితే మూయాలి. వరసగా స్పీడ్ బ్రేకర్లు వచ్చినప్పుడు మొదటిది మెత్తగా, మూడోది గట్టిగా తగులుతుంటే షాక్ పైకి లేచే తీరిక లేక కింద కూరుకుపోతోందన్నమాట, అప్పుడు తెరవాలి. వెయ్యి కిలోమీటర్లకి శాగ్ మళ్లీ కొలవండి, కొత్త స్ప్రింగ్ కొంచెం కుదురుకుంటుంది.

ఉప్పుగాలి:
లింకేజీ బోల్టులకి యాంటీ సీజ్ (బోల్టు తుప్పుకి అతుక్కుపోకుండా ఉంచే పేస్టు) పూయకుండా బిగించకండి. రెండు వానాకాలాలు పోతే సుత్తికి కూడా లొంగవు.