తంగేడు నమూనాలు నల్లబడకుండా ఎండబెట్టడం ఎలా?

ఉప్పల్ సైన్సు టీచర్: ఘట్‌కేసర్ దారిలో తంగేడు విరగబూసింది. పక్కనే ప్లాట్ల హద్దురాళ్లు పాతుతున్నారు. ఆ పొదలు పోకముందే నాలుగు కొమ్మలైనా హెర్బేరియం షీట్ల మీద (ఎండబెట్టిన మొక్కలను అతికించి దాచే అట్టలు) నిలపాలని నా ఆరాటం. ముసురుకు పూరేకులు నల్లబడుతున్నాయి. ఏం చేయాలి?

విశ్రాంత బోటనీ లెక్చరర్: టీచరు గారూ, కొమ్మను అదిమిపెట్టిన పేపర్లను మొదట్లో పూటపూటకీ మార్చండి. ఒక పువ్వును విప్పి పరచండి, కేసరాలు కనబడాలి. కాయలున్న కొమ్మ కూడా కావాలి. ఆకు తొడిమ మొదట్లో ఉండే చెవి ఆకారపు పత్రపుచ్ఛాలు (చిన్న ఆకుల్లాంటివి) రాలనివ్వకండి, ఈ జాతిని పట్టిచ్చేవి అవే.

పరిశోధక విద్యార్థిని: లేబుల్‌పై ఊరు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు రాయండి. చోటు తెలియని షీటు ఎందుకూ కొరగాదు. పాత షీట్లను ‘కాసియా ఆరిక్యులేటా’ పేరుతోనూ వెతకండి. తంగేడుకు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరది, ఇప్పుడు ‘సెన్నా ఆరిక్యులేటా’ అంటున్నారు.

ఉప్పల్ సైన్సు టీచర్: కాయల కొమ్మ కోసం ఆదివారమే వెళ్తాను.