అప్‌డేట్: ఆ ఫైర్ స్టేషన్ పేరు వెనక కథ తెలిసింది

న్యూజెర్సీలోని మౌంట్ హోలీలో ఫైర్ ఇంజిన్ మీద ‘రిలీఫ్ ఫైర్ కంపెనీ నంబర్ 1’ అని ఎందుకు ఉంటుంది, అదేమైనా ప్రైవేటు వ్యాపారమా అని ఇంతకుముందు అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

వ్యాపారం కానే కాదు. ఆ రోజుల్లో కంపెనీ అంటే ఒక పని కోసం కలిసిన మనుషుల జట్టు. ఇది 1752లో మొదలైంది. అంటే అమెరికా అనే దేశం పుట్టకముందే! అప్పటి పేరు ‘బ్రిటానియా’. బ్రిటిష్ పాలనలో ఉన్న ఊరికి అది సహజమే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పేరు నిలవలేదు. చివరికి ‘రిలీఫ్’ అయింది. ఆపదలో ఆదుకోవడం అన్నమాట. నాకైతే ఈ పేరే నచ్చింది, రాజ్యం పేరు పోయి పని పేరు మిగిలింది.

నన్ను బాగా కదిలించింది తోలు బకెట్ల సంగతి. అప్పట్లో సభ్యులు తమ బకెట్ల మీద పేరు రాయించుకుని ఇంట్లోనే ఉంచుకునేవాళ్లు. మంట కనిపిస్తే వాటితోనే పరుగు. బావి నుంచి ఇంటిదాకా వరసగా నిలబడి, నిండు బకెట్లు ఒకవైపు, ఖాళీవి ఇంకోవైపు చేతులు మార్చేవాళ్లు. మంట ఆరాక పేరు చూసి ఎవరివి వాళ్లకు ఇచ్చేయడమే.

వాళ్ల మొదటి చిన్న షెడ్డును ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. వచ్చే శనివారం పిల్లల్ని తీసుకెళ్తున్నాను.