పాత విమానంలో 2-4-2 మేలా, కొత్త విమానంలో 3-3-3 మేలా?

గగనవిహారి:
వచ్చే నెల అమ్మను తీసుకుని పదమూడు గంటల ప్రయాణం చేయాలి. అమ్మకు 71 ఏళ్ళు. ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, రెండు గంటలకోసారైనా లేచి నాలుగడుగులు వేయాలి. దాదాపు ఒకే ధరకు రెండు విమానాలు దొరుకుతున్నాయి. ఒకటి ఎయిర్‌బస్ ఏ330, ఇరవై ఏళ్ళ నాటిది. ఎకానమీలో వరసకు ఎనిమిది మంది, 2-4-2, అంటే పక్కల రెండేసి, మధ్యలో నాలుగు. రెండోది బోయింగ్ 787, వచ్చి మూడేళ్ళు కూడా కాలేదు. వరసకు తొమ్మిది మంది, 3-3-3.

ఇంట్లో అందరూ కొత్తదానికే ఓటేశారు. నా మనసు మాత్రం పాతదాని మీదే ఉంది. 2-4-2లో పక్కవైపు జంట సీట్లు తీసుకుంటే విండో నాది, నడిచే దారి పక్కనుండే ఐల్ సీటు అమ్మది. మూడో మనిషి ఉండడు. అమ్మ ఎప్పుడు లేవాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి కోసమూ నిద్రలోంచి లేవక్కర్లేదు. 3-3-3లో అయితే విండో దగ్గర ఎవరో ఒకరుంటారు. ఆయన బాత్రూమ్‌కు వెళ్ళినప్పుడల్లా అమ్మ లేచి నిలబడాలి. నా ఆలోచనలో తప్పుంటే చెప్పండి.

విండోసీటు:
తప్పుందనే అంటాను. మీరు సీటు ఒక్కటే చూస్తున్నారు, గాలిని చూడటం లేదు. పాత అల్యూమినియం విమానాల్లో క్యాబిన్ ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత వరకూ పడిపోవచ్చు. 787లో 6,000 అడుగులు దాటనివ్వరు. దాని ఒళ్ళు కార్బన్ ఫైబర్‌తో చేసింది కాబట్టి తుప్పు భయం తక్కువ, గాలిలో తేమ కూడా కాస్త ఎక్కువ ఉంచగలుగుతారు. దిగాక తల దిమ్ము, గొంతు ఎండిపోవడం తగ్గుతాయి. 71 ఏళ్ళ మనిషికి ఇది చిన్న విషయం కాదు.

పాత విమానంలో నా అనుభవం కూడా చెప్తాను. రాత్రి ప్రయాణం, పదకొండు గంటలు. నా తల మీద లైటు ఆరలేదు. స్క్రీన్ వెలగలేదు. కుషన్ ఎంత నలిగిపోయిందంటే కింద ఉన్న ఇనుప కమ్మీ తొడకు తగులుతూనే ఉంది. దుప్పటి మడిచి కింద పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి నడుము పనిచేయలేదు. ఆ రోజు నుంచి బుక్ చేసే ముందు విమానం వయసు చూస్తున్నాను.

పాతమెకానిక్:
నేను క్యాబిన్ మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ విండోసీటు గారు, మీ నడుము పాడు చేసింది విమానం వయసు కాదు, సీటు వయసు. రెండూ ఒకటి కావు. విమానం పాతికేళ్ళు ఎగురుతుంది, సీట్లను మధ్యలో ఒకటి రెండుసార్లు మొత్తం మారుస్తారు. ఇరవై ఏళ్ళ విమానంలో రెండేళ్ళ సీటు ఉండొచ్చు, ఎనిమిదేళ్ళ విమానంలో ఎనిమిదేళ్ళ నాటి సీటే ఉండొచ్చు. కవర్లు ఉతుకుతాం, మారుస్తాం, అందుకే పైకి కొత్తగా కనిపిస్తుంది. లోపలి ఫోమ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. అది ముందు అంచు దగ్గర నలుగుతుంది, ఎందుకంటే కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు బరువంతా అక్కడే పడుతుంది. మీకు కమ్మీ తగిలింది అందుకే.

కొత్త సీటంటే మెత్తనిది అని కూడా అనుకోకండి. ఇప్పుడొచ్చే సన్న సీట్లలో వీపు పలచన, ఫోమ్ తక్కువ. బరువు తగ్గుతుంది, మోకాళ్ళ దగ్గర కాస్త చోటు మిగులుతుంది. కానీ ఆరో గంట దాటాక పిరుదులకు తెలుస్తుంది.

ఇక వెడల్పు. బోయింగ్ 777 సంగతి చూడండి. 1995లో సర్వీసులోకి వచ్చినప్పుడు ఎకానమీలో వరసకు తొమ్మిది మంది, సీటు 18 అంగుళాలు దాటి ఉండేది. తర్వాత చాలా సంస్థలు అదే విమానంలో పది పెట్టాయి, 3-4-3. సీటు 17 అంగుళాల దగ్గరికి వచ్చింది. విమానం గోడలు అంగుళం కూడా కదల్లేదు. 787 కథా అంతే. ఎనిమిది మందికి హాయిగా సరిపోయే క్యాబిన్ అది, జపాన్ ఎయిర్‌లైన్స్ అంతర్జాతీయ రూట్లలో ఇప్పటికీ ఎనిమిదే ఉంచింది. మిగతావాళ్ళు ఎక్కువమంది తొమ్మిది పెట్టారు. కాబట్టి విమానం పుట్టిన ఏడాది అడిగే ముందు, వరసలో ఎంతమందో అడగండి.

పిల్లలతోప్రయాణం:
మెకానిక్ గారూ, ఇంత లెక్క వేసి ఎంచుకున్నాక ఆ విమానమే రాకపోతే? మాకు అదే జరిగింది. డబ్బు కట్టి మరీ ఇద్దరు పిల్లలకు, మాకు నలుగురికీ మధ్య నాలుగు సీట్లు తీసుకున్నాం. రెండు రోజుల ముందు విమానం మార్చారు, నాలుగు సీట్ల వరస మూడైంది. చిన్నవాడికి నాలుగేళ్ళు. వాడి సీటు ఐల్‌కు అవతల ఎవరో తెలియని వాళ్ళ పక్కన పడింది. ఎయిర్‌పోర్టులో బతిమాలుకుంటే ఒకాయన మారారు, ఆయన పుణ్యమా అని సరిపోయింది. కట్టిన డబ్బు మాత్రం అడిగి అడిగి నాలుగు నెలలకు వచ్చింది. సీటుకు విడిగా డబ్బు తీసుకున్నప్పుడు అదే రకం సీటు ఇవ్వాలి, లేదంటే అడక్కుండానే తిరిగివ్వాలి. పాతదా కొత్తదా అన్న దానికన్నా నాకు ఇదే పెద్ద టెన్షన్.

విండోసీటు:
సీటు వయసు విషయంలో మెకానిక్ గారి మాట ఒప్పుకుంటున్నాను, నాకు తెలియదు. గాలి విషయంలో నా మాట మీదే ఉన్నాను. గగనవిహారి గారు, అమ్మగారికి ఆయాసం, గుండె సమస్య లాంటివి ఉంటే అంగుళం వెడల్పు కోసం 787 వదులుకోవద్దు, ముందు డాక్టర్‌ను అడగండి. అలాంటివేమీ లేకపోతే లేచి నడవడమే ముఖ్యం. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అయినా అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే, భయపడక్కర్లేదు. కానీ కదలకుండా కూర్చోవడమే అసలు కారణం కాబట్టి, ఐల్ సీటు అనే మీ మాటకు బలం ఉంది.

గగనవిహారి:
అమ్మకు ఆయాసం లేదండి, గుండె బాగానే ఉంది. మోకాళ్ళే.

మీరంతా చెప్పాక నిన్న ఒక పని చేశాను. ఇంట్లో పొడుగు బల్ల మీద సుద్దముక్కతో 17 అంగుళాలకు ఒక గడి, 18 అంగుళాలకు ఒక గడి గీశాను. అమ్మను మొదటి గడిలో కూర్చోబెట్టి పక్కన నేను ఆనుకుని కూర్చున్నాను. అమ్మ మోచేతులు రెండూ ఒళ్ళోకి తెచ్చుకుని, భుజాలు ముడుచుకుని కూర్చుంది. ఏమీ అనలేదు. రెండో గడిలోకి జరిగాక చేతులు వాటంతటవే కిందికి దిగాయి. "ఇది పర్లేదురా" అంది. ఒక్క అంగుళమే. పదమూడు గంటలు ముడుచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది. ఏ330లో సీటు 18 అంగుళాల దగ్గర, వరసకు తొమ్మిది మంది ఉన్న 787లో 17 దాటి కొంచెం.

ఏ330 బుక్ చేసేశాను. ఇప్పుడు ఏ వరస తీసుకోమంటారు?

పాతమెకానిక్:
మంచి పని చేశారు. రెక్కకు ముందు వరసలు చూడండి, ఇంజన్ మోత తక్కువ. బాగా వెనక్కి వద్దు, తోక ఊగుతుంది, బాత్రూమ్ క్యూ మీ పక్కనే నిలబడుతుంది. డోర్ పక్క సీట్లలో కాళ్ళకు చోటు ఎక్కువే, కానీ పాత విమానాల్లో పాదాలకు చలి తగులుతుంది, మోకాళ్ళ నొప్పికి అది మంచిది కాదు. అడ్డగోడ వెనక మొదటి వరస కూడా వద్దు. ట్రే ఆర్మ్‌రెస్ట్‌లో ఉంటుంది కాబట్టి ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, అమ్మగారు పక్కకు జరగలేరు. స్క్రీన్ తాలూకు పెట్టె కొన్ని సీట్ల కింద ఉంటుంది, ఒక కాలికి చోటుండదు. అది మీ సీటు కిందైతే ఫరవాలేదు, అమ్మగారి సీటు కింద ఉండకూడదు. విండో మీది కాబట్టి ఇంకో మాట: కిటికీల చోటు మారదు, సీట్లను మాత్రం పట్టాల మీద అంగుళం అంగుళం జరిపి బిగిస్తాం. కొన్ని వరసల్లో కిటికీ బదులు గోడే ఎదురవుతుంది.

ఎక్కి కూర్చోగానే అమ్మగారి సీటు ఒకసారి వెనక్కి వాల్చి చూడండి. లైటు, స్క్రీన్ కూడా చూడండి. వాలని సీటును నిటారుగా బిగించి విమానాన్ని పంపించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, మేమే ఎన్నోసార్లు అలా పంపాం. తలుపులు మూయకముందే సిబ్బందికి చెప్తే ఖాళీ సీట్లు చూసి మారుస్తారు. గాల్లోకి లేచాక అందరూ సర్దుకుని ఉంటారు, ఎవరూ కదలరు.

గగనవిహారి:
14వ వరసలో పక్కపక్కనే ఉన్న ఏ, సి తీసుకున్నాను. అమ్మ ఐల్‌లో. విమానం మారిందేమో రోజూ ఉదయం ఒకసారి చూస్తున్నాను.