ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపే లిగమెంట్) ఆపరేషన్ తర్వాత మోకాలి చిప్ప కింద సలుపు, ఏం చేశారు?

ఎడమకాలు:
సర్జరీ అయి ఐదు వారాలు. కుట్ల నొప్పి పోయింది గానీ చిప్ప కింద కొత్తగా సలుపు మొదలైంది. మెట్లు దిగేటప్పుడైతే చెప్పక్కర్లేదు. 110 డిగ్రీల దాకా వంగుతోంది కదా, అంతా బాగానే ఉందనుకున్నా. ఎవరికైనా ఇలా అయిందా?

రెండోసారి_బాధితుడు:
వంగడం సరే, పూర్తిగా చాపగలుగుతున్నారా? నేల మీద కాలు చాపి, మోకాలి వెనక చెయ్యి దూరుతుందేమో చూడండి. నాకు అరచెయ్యి మొత్తం దూరేది. హాయిగా ఉందని రోజంతా మోకాలి కింద దిండు పెట్టుకున్న పుణ్యం! దిండు ఉండాల్సింది మడమ కింద. మోకాలి కింద ఏమీ ఉండకూడదు, దాని బరువుకి అదే దిగాలి. 10 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చేశాను. కాలు కాస్త వంగి ఉండగానే నడుస్తుంటే తొడ కండరానికి విశ్రాంతి దొరకదు, ఆ ఒత్తిడంతా చిప్ప మీదే.

మెట్లభయం:
నేను ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వేసేదాన్ని. రెయిలింగ్ వదల్లేదు.

ఎడమకాలు:
చూశా. నాలుగు వేళ్లు దూరాయి 😐 గ్రాఫ్ట్ (కొత్త లిగమెంట్‌గా వేసే ముక్క) చిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) నుంచి తీశారు, దానివల్ల కూడానా?

రెండోసారి_బాధితుడు:
అవును, ఆ గ్రాఫ్ట్‌కి ముందువైపు నొప్పి ఎక్కువే. మోకాళ్ల మీద కూర్చోవడం చాలాకాలం ఇబ్బందే. నా మొదటిది అదే, రెండోది హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) టెండన్ నుంచి.

వాపులెక్క:
వాపు సంగతి ఎవరూ అడగలేదేం? లోపల నీరు ఉన్నంతకాలం తొడ కండరం సరిగా బిగుసుకోదు, ఎన్ని వ్యాయామాలు చేసినా అంతే. నేను చిప్ప మధ్యలో టేపుతో చుట్టుకొలత రాసుకునేదాన్ని. మర్నాడు పొద్దున పెరిగితే ఆ రోజు సగమే చేసేదాన్ని. ఐస్ బట్టలో చుట్టి 15 నిమిషాలు, నేరుగా వద్దు. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, జ్వరంతో మోకాలు ఎర్రబడినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

మెట్లభయం:
నొప్పి తగ్గింది కదా అని మూడో నెలలో పరుగెత్తకండి మరి. కొత్త లిగమెంట్ అప్పటికి ఇంకా పచ్చిదే. ఆటలకి నన్ను 9 నెలలు ఆగమన్నారు.

ఎడమకాలు:
పది రోజుల తర్వాత అప్‌డేట్: ఇప్పుడు ఒక్క వేలే, అదీ ఇరుకుగా. మెట్లు దిగేటప్పుడు సలుపు ఉంది గానీ రాత్రి నిద్రలేపడం లేదు. దిండు మాత్రం మా ఆవిడ దాచేసింది.