విద్యార్థుల టెంటులో సార్లు కూర్చోవచ్చా?

పాతపీజీ: అనంతపురం వాళ్లకు తెలిసే ఉంటాది. మా క్యాంపస్ గేటు ముందర పిల్లోళ్లు మూడు రోజులుగా టెంటేసుకుని కూర్చున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఆ దుడ్డు మీరే కట్టండి, కట్టకుంటే హాల్‌టికెట్ లేదన్నారంట. ఉన్నోడు ఫోన్‌పే కొట్టి హాల్‌టికెట్ తీసుకపోతాండాడు, లేనోడు వడ్డీకి తిరుగుతాండాడు. నిన్న మా డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకాయన పోయి వాళ్ల పక్కన కూర్చుని, ఆర్థిక అసమానతల మీద గంటసేపు మాట్లాడినాడు. వాట్సాప్ గ్రూపులో సగం మంది ఆయన్ని తిడతాండారు. నా మటుకు నాకు ఆయన చేసింది కరెక్టే. మీరేమంటారు?

టవర్‌క్లాక్: ఒకటే ప్రశ్న. పొద్దున బయోమెట్రిక్‌లో వేలు పెట్టినాడా, లేదా? పెట్టి టెంటులో కూర్చుంటే అది డ్యూటీ ఎట్లయితాది? ముప్పై ఏండ్లు ఆఫీసు సెక్షన్‌లో పనిచేసి రిటైరైనోణ్ని. సీఎల్ కాయితం ఇచ్చి పొమ్మనండి, నేనే దండేసి పంపిస్తా.

ఉగ్గాని: మీరు దండేస్తే మనిషి తిరిగి రాడు సార్.

చెనక్కాయచేను: నాది చెప్తా వినండి. 2021లో రీయింబర్స్‌మెంట్ దుడ్డు తల్లుల అకౌంట్లో పడేది గదా. మా అమ్మ అకౌంట్లో పడీ పడకముందే బ్యాంకోళ్లు పాత పంటలోనుకు జమ చేసుకున్నారు. కాలేజీ వాళ్లేమో మాకు రాలేదని నా పది, ఇంటరు ఒరిజినల్స్ బీరువాలో పెట్టి తాళమేసినారు. ఒరిజినల్స్ పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఆ కాయితం ప్రింటు తీసి చూపిస్తే నవ్వినారు. బెంగళూరులో వచ్చిన ఉద్యోగం సర్టిఫికెట్లు లేక పాయె. ఆ పొద్దు స్టాఫ్ రూములో పన్నెండు మంది సార్లున్నారు. ఒక్కడు లేచి "ఇయ్యండప్పా వానివి వానికి" అనలే. అందుకే టెంటులోకి యా సారొచ్చినా నేను కాళ్లు మొక్కుతా.

టవర్‌క్లాక్: నీ బాధ అర్థమైంది నాయనా. నేనడిగింది వేలు పెట్టినాడా, లేదా.

లేపాక్షి: సార్లు పిల్లల పక్కన నిలబడేది ఇయ్యాలటి ముచ్చట కాదు. 2011లో న్యూయార్క్‌లో ఆర్థిక అసమానతల మీద ఆక్యుపై ఉద్యమం లేసినప్పుడు, నవంబరు 9న కాలిఫోర్నియాలో బర్క్‌లీ పిల్లలు క్యాంపస్‌లో టెంట్లేసినారు. ఏం జరుగుతాందో చూడ్డానికి పోయిన ప్రొఫెసర్, కవి, రాబర్ట్ హాస్‌కు లాఠీ దెబ్బలు తగిలినాయి. 70 ఏండ్ల మనిషి. తొమ్మిది రోజులకు డేవిస్ క్యాంపస్‌లో, కింద కూర్చున్న పిల్లల మొగాల మీద పోలీసు పెప్పర్ స్ప్రే కొట్టినాడు. అక్కడి అధ్యాపకుల సంఘం ఛాన్సలర్ దిగిపోవాలని బాహాటంగా అడిగింది.

టవర్‌క్లాక్: ఆ హాసు ఆ పొద్దు జీతం తీసుకున్నాడా?

ఉగ్గాని: ఆయన పెన్షన్ ఫైలు కూడా మీ సెక్షన్‌లోనే ఆగిందేమో సార్.

పాతపీజీ: వేలు, వేలు, వేలు! మీ సెక్షన్ల సంగతి మాకు తెలీదా? మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం నేను కిటికీ కాడ నాలుగు దినాలు నిలబడినా. లోపల ఫ్యాను కింద టీ తాగుతాండ్రి. అప్పుడు ఏమాయె మీ డ్యూటీ?

టవర్‌క్లాక్: నోరు అదుపులో పెట్టుకో. 2020లో 77 జీవో తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ పిల్లలకు రీయింబర్స్‌మెంట్ ఎత్తేసినప్పుడు, మావాడి ఎమ్మెస్సీ ఫీజు నా పెన్షన్‌లో కట్టినా. ఆ పొద్దు యా ప్రొఫెసరూ మైకు పట్టలే. ఈయన మూడు నెలల్లో రిటైరైతాడు. ఇప్పుడొచ్చె అసమానత!

చాక్‌పీస్: ఇక్కడ ఎప్పుడూ చదివి పోతాంటా, రాసేది ఇదే మొదలు. టవర్‌క్లాక్ గారూ, మీకు జవాబు నేను చెప్తా. వేలు పెట్టినాడు. ఆయన క్లాసు నేను తీసుకున్నా. నేను అకడమిక్ కన్సల్టెంటును. నెట్, పీహెచ్‌డీ రెండూ ఉండాయి, ఇది పదకొండో ఏడు. ఏటా రెన్యువల్, ఎండాకాలం జీతం లేదు. మిగతా నెలల్లో వచ్చేది ఆయన జీతంలో నాలుగో వంతు కూడా కాదు. నిన్న బోర్డు మీద, ఆదాయం ఎవరికెంత పోతాందో చూపించే లోరెంజ్ రేఖ గీస్తాండా, కిటికీలో నుంచి ఆయన మైకు వినపడతాండాది. ఒక పిల్ల అడిగింది, "ఈ గీతలో మీరు యాడుంటారు?" అని. డస్టర్ తీసుకుని తుడిచేసినా. పోయిన ఏడు జీతాలకోసం మేము అదే గేటు కాడ కూర్చుంటే, ఆయన కారద్దం ఎత్తుకుని పాయె.

పాతపీజీ: అంటే ఆయన పిల్లల పక్కన కూర్చోకూడదంటావా?

చాక్‌పీస్: నేనట్ల అన్లే. కూర్చోనీ. ఆయన కూర్చుంటే ఫొటో వస్తాది. నేను కూర్చుంటే జూన్‌లో లిస్టులో నా పేరు రాదు. ఈ ముక్క ఆ గంటలో ఒక్కసారన్నా చెప్పినాడా?

టవర్‌క్లాక్: నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే కదమ్మా.

చాక్‌పీస్: ఇది కాదు సార్. మీకు ఆయన వేలు కావాల. నాకు నా జీతం కావాల.

చెనక్కాయచేను: మీ జీతాలు మీరు తర్వాత లెక్కేసుకోండి. పిల్లోళ్లకు సోమవారం పరీక్ష.

పాతపీజీ: మేడం, ఆయన కారద్దం సంగతి నాకు నిజంగా తెలీదు. రేపు పదకొండుకు టెంటు కాడికి రండి. మైకు మీకే ఇస్తాం, ఆయన ముందరే అడుగుదురు.

చాక్‌పీస్: పదకొండుకు క్లాసుంది. ఆయనదే.