ఏ, బీ ఫీడ్లు కలిపి 32 ఆంపియర్లు అనుకోవచ్చా?

కొత్తర్యాక్: నెల రోజులుగా కోలొకేషన్ (సొంత సర్వర్లు పెట్టుకోడానికి డేటా సెంటర్‌లో అద్దె చోటు) కోసం వెతుకుతున్నా. మూడు 4యూ (ర్యాక్‌లో నాలుగు అరల ఎత్తు) సర్వర్లు, ఒక్కోదాంట్లో 350 వాట్ల గ్రాఫిక్స్ కార్డులు నాలుగేసి. చోటు ఎవరైనా ఇస్తామంటారు, కరెంటు మాటెత్తితే నీళ్లు నములుతారు. ఒకరు మాత్రం చవగ్గా సగం ర్యాక్, 230 వోల్టుల మీద 16 ఆంపియర్ల ఫీడ్లు (కరెంటు లైన్లు) రెండు, ఏ, బీ అని, ఇస్తామన్నారు. అంటే 32 కదా? ఏడు కిలోవాట్ల పైమాటే.

బ్రేకర్‌బాబు: రెండూ కలపకండి. 'ఏ' పోతే మొత్తం లోడు మొయ్యడానికే 'బీ' ఉంది. మీకు దక్కేది 16 ఆంపియర్లు, అంటే 3680 వాట్లు. రాత్రీపగలూ నడిచే లోడు కాబట్టి అందులో 80 శాతం, 2944 దగ్గర ఆగాలి. సర్వర్లు నిజంగా ఎంత లాగుతున్నాయో మీటర్ పెట్టి చూశారా? పవర్ సప్లై మీదున్న అంకె దాని గరిష్ఠ సామర్థ్యం మాత్రమే.

సొంతఇనుము: మళ్లీ 80 శాతం పాట! అది అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో మూడు గంటలు దాటి నడిచే లోడుకు పెట్టిన నియమం. 230 వోల్టుల వాళ్లకు దాన్ని అంటగడతారేం? 16 అని రాసి అమ్మితే 16 ఇవ్వాలి.

బ్రేకర్‌బాబు: కోడ్ ఏ దేశానిదైతే ఏం, బ్రేకర్‌కు వేడి తెలుసు. సాధారణ బ్రేకర్ రేటింగు 30 డిగ్రీల దగ్గర లెక్కగట్టింది. ర్యాక్ వెనకాల వేడిగాలిలో ఉంటే అంతకంటే ముందే పడిపోతుంది. ఒప్పందంలో 80 అని ఉంటే అదే నియమం.

రాత్రిషిఫ్ట్: 80 సంగతి తేలేలోపు అతని సర్వర్లు పాతబడిపోతాయి 🙂

సొంతఇనుము: రెండు ఫీడ్లకూ అద్దె కడుతున్నప్పుడు రెండూ వాడుకుంటే తప్పేంటి? సగం సర్వర్లు ఏ మీద, సగం బీ మీద. ఒకటి పోతే సగం ఆగుతాయి. నష్టం నాది, మధ్యలో మీకెందుకు?

బ్రేకర్‌బాబు: ఎందుకంటే వాళ్ల యూపీఎస్, చల్లదనం అన్నీ మీకు ఒకే 16 ఆంపియర్ల లెక్కన కేటాయించారు. మీరు వాడే ప్రతి వాటూ వేడే, దాన్ని బయటికి తోలాలి. మీరు 32 లాగితే పక్క ర్యాక్ వాటా తింటున్నట్టే.

సొంతఇనుము: పక్క ర్యాక్ వాటా మింగేది నేనా, వాళ్లా? నా అనుభవం వినండి. పాత చోట 13 ఆంపియర్లు దాటేవాణ్ణి కాదు, రెండు ఫీడ్ల మీదా పంచి, మీరు చెప్పినట్టే. నిర్వహణ పేరుతో ఏ ఆపారు, బీ పడిపోయింది. తర్వాత తెలిసిందేంటంటే ఆ బీ లైను మీద నాతోపాటు ఇంకొకర్ని కలిపారు. శుక్రవారం రాత్రి పోయిన సర్వర్లు సోమవారం లేచాయి. పైగా "మీరే ఎక్కువ లాగారు" అని మెయిల్! మీటర్ చరిత్ర చూపించమంటే ఇవ్వలేదు.

బ్రేకర్‌బాబు: అది మోసం, ఒప్పుకుంటా. కానీ అలాంటి హాల్లో ఏడేళ్లు ఫోన్లు ఎత్తినవాణ్ణి నేను. "కొంచెమే ఎక్కువ" అని చెప్పాపెట్టకుండా కొత్త సర్వర్ తగిలించేవాళ్లు, అర్ధరాత్రి పడిపోతే తిట్లు నాకు. మీలాంటి కస్టమర్ల వల్లే...

సొంతఇనుము: మీలాంటి అంటే? నేను 13 దాటలేదని చెప్పాను, చదవలేదా?

బ్రేకర్‌బాబు: చదివాను. నోరు జారింది.

సొంతఇనుము: సరే. నా గొడవ 80 మీదా కాదు, 16 మీదా కాదు. కొలిచే మీటర్ వాళ్ల చేతిలో, తప్పు నా నెత్తిన. అదీ నా బాధ.

బ్రేకర్‌బాబు: అయితే అడగాల్సింది ఆంపియర్లు కాదు. ప్రతి ఫీడ్ రీడింగు మీకు ఎప్పుడూ కనిపించాలని, ఆ లైను మీద ఇంకెవరూ ఉండకూడదని రాతలో తీసుకోండి. చవకచోట ఇది రాసిస్తారా అంటే, అనుమానమే.

కొత్తర్యాక్: మీరు కొట్టుకుంటుండగా మీటర్ పెట్టాను. పూర్తి లోడులో ఒక్కోటి 1850 వాట్లు! ఒక్కో కార్డును 250 వాట్లకు కుదిస్తే సర్వర్ 1400కు దిగింది, పని వేగం పెద్దగా తగ్గలేదు. రెండు పెడితే 2800, మూడోది పట్టదు. వాళ్లకు రీడింగుల సంగతి రాశాను. "సేల్స్ టీమ్ మాట్లాడుతుంది" అన్నారు.

రాత్రిషిఫ్ట్: సేల్స్ టీమా! మూడోదానికి టేబుల్ కింద చోటు చూసుకో అన్నా.